మూడు పాళ్ల నీళ్లు

నీళ్లు కలిపారన్న మాట వింటే మణిమాలకి చిన్నప్పట్నుంచీ ఒళ్లు మండేది. ఆమె తల్లి బర్మా రేవు పట్నంలో, బోటాటౌంగ్ సందుల్లో ఇంటింటికీ తిరిగి పాలు పోసేది. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి రేవులో బియ్యం బస్తాలు మొయ్యడానికి వచ్చిన కుటుంబం వాళ్లది. రేవు పనులు తగ్గాక మగవాళ్లు గిడ్డంగుల కాపలాకీ, ఆడవాళ్లు పాలకీ కూరగాయలకీ మళ్లారు. పాలు పలచగా ఉన్నాయని ఎవరైనా గుమ్మంలో నిలబెట్టి అడిగితే, తల్లి పక్కన క్యాను పట్టుకున్న మణిమాల తల ఎత్తేది కాదు. అమ్మ నీళ్లు కలపదని ఆమెకి తెలుసు. తెలిసినా, సందులో నలుగురూ వింటుండగా ఆ మాట పడటం ప్రాణం పోయినట్టుండేది.

పెద్దయ్యాక పగలు బట్టల కొట్టులో పనిచేస్తూ దూరవిద్యలో కెమిస్ట్రీ డిగ్రీ పూర్తిచేసింది. వాళ్ల వాడలో అంత చదివిన ఆడపిల్ల ఆమే. అచ్చుపనిలో ఉన్న కృష్ణకుమార్‌ని పెళ్లి చేసుకుంది. ఆ తర్వాత ఊ టిన్ ఆంగ్ అనే ఆయన పాత రేవుల దగ్గర ఒక గిడ్డంగిలో నడిపే చిన్న కంపెనీలో చేరింది. పంపరపనస తొక్కల్ని పొడిచేసి, ఆల్కహాల్‌లో నానబెట్టి, వడకట్టి సారం తీయడం అక్కడి పని. సబ్బులు, ముఖానికి రాసుకునే క్రీములు చేసేవాళ్లు ఆ సారం కొనుక్కునేవారు. నూనెని ముక్కిపోనివ్వని యాంటీ ఆక్సిడెంట్లు తొక్కలో దండిగా ఉంటాయి కాబట్టి గిరాకీ బాగానే ఉండేది.

ప్రయోగశాల అంటే వెనక గదిలో ఒక బల్ల, రెండు అల్మరాలు, కరెంటు పోయినప్పుడల్లా గుర్రుమనే జనరేటరు. థు రేయిన్ అనే కుర్రాడు దానికి పెద్దగా ఉండేవాడు, మణిమాల అతని కింద పనిచేసేది. వచ్చిన ప్రతి సరుకులోంచి కొంచెం తొక్క తీసి, సారం చేసి, ఊదారంగు మందులో నాలుగు చుక్కలు వేసేవారు. యాంటీ ఆక్సిడెంట్లు ఎంత ఎక్కువుంటే ఆ ఊదా అంత త్వరగా విరిగి పసుపులోకి దిగుతుంది. రంగు బాగా విరిగితేనే సరుకు లోపలికి వెళ్లేది.

థు రేయిన్ ఆల్కహాల్‌లో ఎప్పుడూ నీళ్లు కలిపేవాడు. ఏడు పాళ్లు ఆల్కహాల్, మూడు పాళ్లు నీళ్లు. ఎందుకని మణిమాల ఒకసారి అడిగితే, తనకి నేర్పినవాళ్లు అలాగే నేర్పారన్నాడు. డ్రమ్ము ఎక్కువ రోజులు రావడానికే అలా చేస్తున్నాడని ఆమె మనసులో అనుకుంది. నీళ్లు పోసి పొదుపు చెయ్యడం ఆమెకి గిట్టలేదు. పైకి ఏమీ అనలేదు.

థు రేయిన్ దేశం విడిచి వెళ్లిపోయాడు. గది తాళాలు మణిమాల చేతికొచ్చాయి. తాళాలు అందుకున్న వారంలోనే ఆమె నీళ్లు మానేసింది. స్వచ్ఛమైన ఆల్కహాల్ స్వచ్ఛమైన సారాన్ని ఇస్తుందనడంలో ఆమెకి అనుమానమే లేదు. తన చేతిమీద జరిగే పని కల్తీ లేకుండా జరగాలనుకుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర భర్తకి ఆ సంగతి గర్వంగా చెప్పుకుంది కూడా.

ఆ మార్పు తర్వాత మొదట వచ్చినవి చిన్నమ్మి బస్తాలు.

చిన్నమ్మిది నది అవతల దలా. మణిమాల తల్లికి ఆమె వరసకి చెల్లెలు, మణిమాల పిన్నీ అని పిలిచేది. ఒలిచిన పంపరపనస తొనల్ని కారం ఉప్పుతో అమ్మే బళ్ల దగ్గర పొద్దున్నే తొక్కలు ఏరుకుని, ఫెర్రీ మీద ఇంటికి పట్టుకెళ్లి, వెదురు తడకల మీద ఎండబెట్టేది. కోడలు హ్నిన్ సాయం చేసేది. హ్నిన్ తండ్రి తెలుగువాడు, తల్లి బర్మా మనిషి. తెలుగు అంతా అర్థమవుతుంది కానీ బర్మా భాషలోనే బదులిస్తుంది. దళసరి తొక్కల్ని కొన్ని పక్కన పెట్టి, నీళ్లు మార్చి మార్చి ఉడకబెట్టి, చేదంతా పోయాక పంచదార పాకంలో వేసి హ్నిన్ మిఠాయి చేసేది. గుడికొచ్చే ఆడవాళ్లు పిల్లల కోసం ఆ మిఠాయి కొనుక్కునేవారు.

మణిమాల చిన్నమ్మి తొక్క నానబెట్టి, వడకట్టి, చుక్కలు వేసింది. ఊదారంగు కదల్లేదు. మళ్లీ చేసింది. రంగు కాస్త వెలిసినట్టై ఆగిపోయింది. థు రేయిన్ ఉన్నప్పుడు ఇదే చిన్నమ్మి సరుకు చూస్తుండగానే రంగు విరగ్గొట్టేది. మణిమాలకి వెంటనే హ్నిన్ మిఠాయి గుర్తొచ్చింది. తొక్కలో చేదు పోతే యాంటీ ఆక్సిడెంట్లూ దానితోనే పోతాయి. ఉడికించి చేదు తీసేసిన తొక్కల్ని మళ్లీ ఎండబెట్టి బస్తాలో కలిపేశారు, అనుకుంది. అనుకున్నాక ఆమెకి ఇంకో ఆలోచన రాలేదు.

ఊ టిన్ ఆంగ్ పిలిచి అడిగితే ఆ మాటే చెప్పింది. ఆవిడ నీకు బంధువు కదా అని ఆయన అన్నాడు. ఆ మాటలో పెద్ద ఉద్దేశం లేకపోవచ్చు గానీ మణిమాలకి చురుక్కుమంది. బంధువైతే మాత్రం తాను చూసీచూడనట్టు ఊరుకోనంది.

గేటు దగ్గర సరుకు దించే వేళ. కూలీలు, లారీ మనుషులు, చిన్నమ్మి దగ్గర విడిగా కొంత తొక్క కొనుక్కునే సేక్కాన్ సబ్బుల వ్యాపారి, అందరూ అక్కడే ఉన్నారు. చిన్నమ్మి బస్తాల పక్కన కూర్చుని ఉంది.

“ఏటమ్మీ, బస్తాలు ఇంకా లోనికి తియ్యనేదేటి?” అని నవ్వుతూ అడిగింది.

మణిమాల ఆమెకి తెలుగులో జవాబివ్వలేదు. తనకి పక్షపాతం లేదని అందరికీ తెలియాలన్నట్టు బర్మా భాషలో, గొంతు పెంచి, పిన్నీ అనకుండా పరాయి పెద్దావిణ్ణి పిలిచినట్టు, “డో చిన్నమ్మీ, ఇది ఉడికించి చేదు తీసేసిన తొక్క. ఇందులో ఏమీ మిగల్లేదు. ఇలాంటిది మేం కొనం” అంది.

చిన్నమ్మికి కాసేపు అర్థం కాలేదు. బర్మా భాష రాక కాదు, ఆ మాట తన గురించేనని నమ్మలేక. లేచి నిలబడి మణిమాల మొహంలోకి చూసింది.

“ఉడకెట్టిన తొక్క నీకెందుకిత్తానమ్మీ?” అని చిన్నగా అడిగింది.

మణిమాల లోపలికి వెళ్లిపోయింది. కిటికీలోంచి చూస్తే, చిన్నమ్మి బస్తాలు మళ్లీ సైకిల్ రిక్షాలో ఎక్కించుకుంటోంది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. పొద్దున దింపిపెట్టిన కూలీలు కూడా.

తర్వాత వేరే చోటినుంచి తొక్క తెప్పించారు. అది మోల్‌మేన్ వైపు తోటల సరుకు, పేరున్న వ్యాపారి పంపింది. దానితోనూ రంగు విరగలేదు. మరొకరి సరుకు తెచ్చారు. అదీ అంతే. ఊ టిన్ ఆంగ్ నెమ్మదస్తుడు, అరిచే రకం కాదు. గది గుమ్మంలో నిలబడి, “అందరూ ఒక్కసారే మోసం చెయ్యడం మొదలెట్టారా?” అని మాత్రం అడిగి వెళ్లాడు.

ఆ మాట మణిమాలని వదల్లేదు. ఇంటికెళ్తూ దారిలో ఒక పంపరపనస కాయ కొంది. తనే ఒలిచింది. తొనలు భర్తకి పెట్టి, తొక్క తన బాల్కనీలోనే ఎండబెట్టింది. ఎండాక ఆఫీసుకి పట్టుకెళ్లి పరీక్ష చేసింది. ఈ తొక్కని ఎవరూ ఉడకబెట్టలేదు. ఎవరి చెయ్యీ పడలేదు. ఊదారంగు ఎక్కడిదక్కడే ఉంది.

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. తొక్కలో తప్పు లేకపోతే తప్పు ఇంకెక్కడుంది? ఈ మధ్య తాను మార్చింది ఒక్కటే.

మర్నాడు అదే తొక్కని పంచి వేర్వేరు సీసాల్లో నానబెట్టింది. ఒకదాన్లో అల్మరాలో మిగిలిన హెక్సేన్ పోసింది. అది పెట్రోలు వాసన కొడుతూ తొక్కలో నూనెనంతా లాగేసింది. గదంతా పంపరపనస పరిమళం నిండింది గానీ చుక్కలు వేస్తే రంగు చెక్కుచెదరలేదు. గోళ్లరంగు తుడిచే మందులా వాసనొచ్చే ఎసిటేట్‌తో రంగు కాస్త పలచబడింది. ఉత్త నీళ్లు పోసిన సీసాలో సారం బాగానే దిగింది గానీ జిగురై గుడ్డలోంచి దిగనని మొరాయించింది, మరుసటి పొద్దుకి పులిసిపోయింది కూడా. స్వచ్ఛమైన ఆల్కహాల్ ఎప్పటిలాగే. ఆఖరుకి ఏడు పాళ్ల ఆల్కహాల్‌లో మూడు పాళ్లు నీళ్లు కలిపిన సీసా. దాన్లోంచి చుక్కలు వెయ్యగానే ఊదా విరిగి పసుపైంది.

ఎందుకలా అయిందో ఆలోచిస్తే చదివినదే. చేదుకి కారణమైన ఆ పదార్థాలు ఒంటికి చక్కెర అంటించుకుని ఉంటాయి. చక్కెరకి నీళ్లంటే ఇష్టం. నీళ్లు ఎండిన తొక్కని ఉబ్బించి తలుపులు తెరుస్తాయి, ఆల్కహాల్ లోపలికి వెళ్లి సారాన్ని బయటికి తెస్తుంది. నీళ్లు బొత్తిగా లేని ఆల్కహాల్ తొక్కని ఇంకా బిగుసుకుపోయేలా చేస్తుంది. పరీక్షకి రాసిన పాఠమే. రాసి మార్కులు కూడా తెచ్చుకుంది.

అల్మరా కింది అరలో చిన్నమ్మి సరుకు నమూనా పొట్లం ఇంకా ఉంది. దాన్ని తెరవడానికి ఆమెకి చేతులు రాలేదు. చివరికి తెరిచి, అదే మిశ్రమంలో నానబెట్టి చుక్కలు వేస్తే, అన్నిటికంటే త్వరగా రంగు విరగ్గొట్టింది అదే. మణిమాలకి మొహం వేడెక్కింది. గదిలో ఇంకెవరూ లేకపోయినా ఎవరో చూస్తున్నట్టు కొంగుతో మొహం తుడుచుకుంది.

అప్పుడైనా నోరు తెరిచి ఉంటే బాగుండేది. తెరవలేదు. పద్ధతి కొంచెం సరిచేశానని, ఇప్పుడు పరీక్షలు బాగా వస్తున్నాయని ఊ టిన్ ఆంగ్‌తో చెప్పింది. ఆయన తలూపాడు. ఆపేసిన సరుకులన్నీ లోపలికి వెళ్లాయి. చిన్నమ్మి గురించి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. రేపు చెబుదాం, వీలు చూసి చెబుదాం అనుకుంటూ గడిపేసింది. ఇంట్లో కృష్ణకుమార్ ఏమైందని అడిగితే తలనొప్పంది.

అమ్మవారి గుడిలో కుంకుమ పూజ రోజు ఆడవాళ్లంతా చేరారు. చిన్నమ్మి రాలేదు. హ్నిన్ మాత్రం మెట్ల దగ్గర మిఠాయి పళ్లెం పెట్టుకుని కూర్చుంది. పళ్లెం నిండుగానే ఉంది. పిల్లలు అటు వెళ్లబోతే తల్లులు చెయ్యి పట్టుకుని లాగేస్తున్నారు. మణిమాల వెనక వరసలో కూర్చుంటే రాధాకుమారి అనే పెద్దావిడ పక్కకొచ్చి ఆమె భుజం తట్టింది. సొంత మనిషని చూడకుండా మోసం బయటపెట్టిందని మెచ్చుకుంది. చదువుకున్న పిల్లంటే అలాగుండాలని చుట్టూ కూర్చున్న వాళ్లతో అంది. వాళ్లంతా మణిమాల వైపు చూసి తలలూపారు. ఆ చూపుల్లో గౌరవం ఉంది.

మణిమాల ప్రసాదం తీసుకోకుండా లేచి బయటికొచ్చింది. మెట్ల దగ్గర హ్నిన్ ఆమెని చూసి తల తిప్పుకోలేదు. అలా చూస్తూనే ఉంది. మణిమాలే చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగింది.

ఆ ఆదివారం పొద్దున ఆమె దలా ఫెర్రీ ఎక్కింది. అందరూ ఫెర్రీ వెంట ఎగిరే పక్షులకి మేత విసురుతుంటే ఆమె రేకు గోడకి ఆనుకుని నిలబడింది. వద్దనుకున్నా ఒక పాత సంగతి గుర్తుకొచ్చింది. ఒకసారి ఎవరో నీళ్లు కలిపావంటూ తన తల్లి పాలక్యానుని కాలువలో కుమ్మరించబోతే, అటుగా వెళ్తున్న చిన్నమ్మి తట్ట దించి మధ్యలో నిలబడింది. పాలు పితికేటప్పుడు తాను అక్కడే ఉన్నానని, కావాలంటే ఆ పాలు తనకి పొయ్యమని, ముందు తనతో మాట్లాడమని అంది. ఆ రోజు ఆ సందులో తల్లి తరఫున మాట్లాడింది ఆమె ఒక్కతే. మణిమాలకి వెనక్కి తిరిగి వెళ్లిపోవాలనిపించింది. ఫెర్రీ అప్పటికే నది మధ్యకి వచ్చేసింది.

చిన్నమ్మి ఇంటి ముందు వెదురు తడకలు గోడకి ఆనించి ఉన్నాయి. వాటి మీద తొక్కల్లేవు. హ్నిన్ బట్టలు ఆరేస్తూ మణిమాలని చూసి లోపలికి కేకేసింది. చిన్నమ్మి బయటికొచ్చి, అరుగు మీద కూర్చోమంది. మంచినీళ్లు ఇప్పించింది. మణిమాల గ్లాసు పట్టుకుని, తాగకుండా, జరిగినదంతా చెప్పింది. తొక్కలో తప్పు లేదని, తానే నీళ్లు మానేసిందని, మిగతా అందరి సరుకుకీ అలాగే అయిందని, ఆమె తొక్కే అన్నిటిలోకీ మంచిదని. క్షమించు పిన్నీ అంది.

చిన్నమ్మి ఖాళీ తడకల వైపు చూసింది.

“నాను ఉడకెట్టనేదని నాకు ముందే తెలుసు గదమ్మీ” అంది. “నాకు సెప్పడానికి ఇంత దూరం రావాలేటి?”

మణిమాల గ్లాసు అరుగు మీద పెట్టింది.

“గేటుకాడ సెప్పినావు. బర్మా బాసలో సెప్పినావు, అందరికీ అర్తమయ్యేలాగ. సబ్బులోడు కూడా ఇన్నాడు. ఆడూ మా తొక్క వొద్దన్నాడు. నన్ను సూసి ఫెర్రీలో తొక్కలోళ్లు నవ్వుకుంతన్నారు.” ఆమె గొంతు పెంచలేదు. “ఇక్కడ నా సెవులో సెప్పి ఎలిపోతే నీ మనసు తేలికవుద్ది. నాకేటవుద్ది?”

హ్నిన్ దండెం దగ్గరే నిలబడి వింటోంది. చిన్నమ్మి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు. కాసేపు చూసి మణిమాల లేచి వచ్చేసింది.

సోమవారం సరుకు దించే వేళకి ఆమె గేటు దగ్గరికి వెళ్లింది. కూలీలున్నారు. సబ్బుల వ్యాపారి ఇంకా రాలేదు. ఆయన వచ్చేదాకా ఎండలో నిలబడింది. ఊ టిన్ ఆంగ్ ఏంటి సంగతని బయటికొచ్చాడు. ఆయన ఎదురుగానే, ఆరోజు తాను డో చిన్నమ్మిని అన్నమాట అబద్ధమని, తొక్క మంచిదని, తప్పు తనదని బర్మా భాషలో చెప్పింది. మాటలు తడబడ్డాయి. ఎలా జరిగిందో వివరించబోతే కూలీలకి అర్థం కాలేదు. ఒకడు పక్కవాడితో ఏదో అని నవ్వాడు. సబ్బుల వ్యాపారి గడియారం చూసుకుని, సరే, మళ్లీ పంపమనండి అన్నాడు, అదేదో చిన్న విషయమన్నట్టు.

ఊ టిన్ ఆంగ్ ఆమెని లోపలికి పిలిచాడు. తెలిసి ఎన్నాళ్లయిందని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన మొహం అప్పుడు మారింది. తప్పు చేసినందుకు తనకేమీ లేదని, దాచినందుకే బాధగా ఉందని అన్నాడు. ఇకమీదట పద్ధతి ఏది మార్చినా ముందు తనకి చూపించి మార్చాలన్నాడు. ఉద్యోగం తియ్యలేదు. అప్పటిదాకా ఎప్పుడూ ఆమె పని చూడని మనిషి, ఆ తర్వాత పరీక్ష జరుగుతుంటే వచ్చి వెనక నిలబడేవాడు. ఆమె చుక్కలు రెండేసి సార్లు లెక్కపెట్టుకునేది.

గుడిలో చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. తెలుగులో, తనవాళ్ల ముందు, భజన అయ్యాక నిలబడి చెప్పింది. ఎవరికీ సరిగ్గా పట్టలేదు. కాసిని నీళ్ల తేడాకే ఇంత గోలేటని ఒకావిడ అంది. పొరపాటు ఎవరికైనా జరుగుద్దని, చెప్పుకోవడమే గొప్పని రాధాకుమారి మళ్లీ మెచ్చుకోబోయింది. మణిమాల ఆమె మాటకి అడ్డం వచ్చింది.

“మెచ్చుకోకండి పెద్దమ్మా. ఆవిణ్ణి గేటు దగ్గర నిలబెట్టింది నేనే” అంది.

ఆ తర్వాత వారం హ్నిన్ పళ్లెంలో మిఠాయి కొంత అమ్ముడుపోయిందని విన్నది. పూర్వంలా అయితే అవలేదు.

వానలు తగ్గాక దలా నుంచి బస్తాలు మళ్లీ రావడం మొదలైంది. తెచ్చేది హ్నినే. చిన్నమ్మి మళ్లీ ఆ గేటు దాటలేదు. హ్నిన్ బర్మా భాషలో మేడమ్ అన్నట్టు సయామా అని పిలుస్తూ, ఆ పిలుపులో చనువు ఏమాత్రం లేకుండా, సరుకు అప్పజెప్పి వెళ్లిపోయేది. మణిమాల బస్తా విప్పి, తొక్క వాసన చూసి, పరీక్ష మాత్రం ఎవరి సరుకుకైనా చేసినట్టే చేసేది. సంతకం పెట్టేటప్పుడు హ్నిన్ కళ్లలోకి చూడటం ఆమెకి ఇప్పటికీ చేతకాదు.

అప్పుడప్పుడు ఆదివారాలు ఫెర్రీ ఎక్కుతుంది. రమ్మని ఎవరూ పిలవరు, రావద్దనీ అనలేదు. చిన్నమ్మి తడకల మీద తొక్కలు తిరగేస్తూ ఉంటే, ఇంకో చివర కూర్చుని తానూ తిరగేస్తుంది. ఎక్కువ మాటలుండవు. ఎండల సంగతో, బియ్యం సంగతో రెండు మాటలు నడిచి ఆగిపోతాయి. క్రితంసారి చిన్నమ్మి మబ్బు చూసి, వాన పడేలాగుంది, తడకలు లోపలికి లాగాలంది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని, తొక్కలు జారిపోకుండా మెల్లగా, వాకిట్లోంచి ఇంట్లోకి మోసుకెళ్లారు.